మండలానికి ఏడాదికి ఒక్కరు

అరవై వేల జనాభా ఉన్న మండలం అనుకుందాం. అనకాపల్లి జిల్లా మాడుగుల లాంటిదే, కొండల కింద పల్లెలు, మధ్యలో ఒక పెద్ద ఊరు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నాటి జననాల రేటు వెయ్యికి 15.7. ఈ లెక్కన ఆ మండలంలో ఏడాదికి 940 మంది పిల్లలు పుడతారు. దీని పక్కన ఇంకో సంఖ్య పెడదాం: 1,130. మన దేశంలో పుట్టే ప్రతి 1,130 మందిలో ఒకరికి థైరాయిడ్ గ్రంథి పుట్టుకతోనే సరిగా పనిచేయడం లేదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం తేల్చింది. అంటే మండలానికి ఏడాదికి ఒక్కరు. ఒక్కో ఏడాది ఆ ఒక్కరూ ఉండరు.

జబ్బు ఎవరి కంటా పడకపోవడానికి సగం కారణం ఆ ‘ఒక్కరే’. పీహెచ్‌సీలో రెండేళ్లు పనిచేసిన డాక్టరు దగ్గరికి అలాంటి పిల్లలు ఇద్దరు రావాలి. వాళ్ల కాన్పులు విశాఖలో జరిగి ఉంటే ఆ ఇద్దరూ రారు. చూడని జబ్బును గుర్తుపట్టమంటే ఎవరికైనా కష్టమే.

మిగతా సగం కారణం బిడ్డ ఒంట్లోనే ఉంది. కడుపులో ఉన్నన్నాళ్లూ తల్లి థైరాయిడ్ హార్మోను కొంత మాయ గుండా బిడ్డకు చేరుతుంది. అందుకే పుట్టిన రోజున ఇలాంటి పిల్లల్లో నూటికి తొంభై అయిదు మంది మామూలుగానే కనిపిస్తారు. ఆ తర్వాత వారాల్లో మెల్లగా తేడా మొదలవుతుంది. కామెర్లు త్వరగా తగ్గవు, విరేచనం సరిగా కాదు, బొడ్డు ఉబ్బుతుంది, ఏడుపు బొంగురుగా ఉంటుంది, పాలు తాగుతూనే నిద్రపోతుంది. ఇంట్లో పెద్దవాళ్లకు ఇది జబ్బులా అనిపించదు. ‘ఎంత బుద్ధిమంతురాలో, రాత్రంతా ఏడవదు’ అని మురిసిపోతారు. ఆ మురిపెం నడుస్తున్న నెలల్లోనే మెదడు హార్మోను కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. మొదటి రెండు మూడేళ్లలో జరిగిన నష్టాన్ని తర్వాత ఎన్ని మాత్రలు వేసినా పూర్తిగా పూడ్చలేరు. రెండు వారాల లోపు మందు మొదలుపెడితే మాత్రం ఆ బిడ్డ తోటిపిల్లలతో సమానంగా చదువుకుంటుంది.

ఆ మందు థైరాక్సిన్ మాత్ర. శిశువు బరువులో కిలోకు రోజుకు 10 నుంచి 15 మైక్రోగ్రాములు ఇవ్వాలి. మూడు కిలోల బిడ్డకైతే 30 నుంచి 45. మాత్రను నలిపి చెంచాడు తల్లిపాలలో కలిపి పట్టిస్తే చాలు. పిల్లల హార్మోను జబ్బులన్నింటిలోనూ ఇంత చవగ్గా, ఇంత తేలిగ్గా దారికొచ్చేది ఇంకొకటి కనిపించదు. కాబట్టి చిక్కు మందు దగ్గర లేదు, బిడ్డను కనిపెట్టడం దగ్గరుంది.

1,130 ఎలా వచ్చిందో చూద్దాం. 2007 తర్వాత అయిదు నగరాల్లో కలిపి లక్షా నాలుగు వేల పైచిలుకు శిశువుల రక్తం పరీక్షించారు. ఆ అయిదింట్లో హైదరాబాద్ ఒకటి. దక్షిణాదిన నిష్పత్తి ఇంకా ఎక్కువగా, 727 మందికి ఒకరుగా తేలింది. దానికి ముందే, 2004లో, ఎ. రాధారమాదేవి, ఆమె సహ పరిశోధకుడు హైదరాబాద్‌లోని నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో పుట్టిన 18,300 మంది శిశువుల ఫలితాలు ప్రచురించారు. అందులో వచ్చింది 1,700 మందికి ఒకరు.

727, 1,130, 1,700. ఏది నిజం? ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే పత్రికల్లో ఇలాంటి సంఖ్యలు వేదవాక్కుల్లా అచ్చవుతుంటాయి. 18,300 మందిలో 1,700కి ఒకరంటే దొరికిన పిల్లలు పదకొండు మంది ఉంటారు. ఇంకో అయిదుగురు దొరికి ఉంటే అదే అధ్యయనం 1,144కి ఒకరు అని చెప్పేది. పదకొండు లాంటి చిన్న అంకెలో అయిదారుగురు అటూ ఇటూ కావడం పూర్తిగా కాకతాళీయం కావచ్చు. కాబట్టి హైదరాబాద్ సంఖ్యకూ జాతీయ సంఖ్యకూ పేచీ ఉందని చెప్పలేం. దానికితోడు ఏ స్థాయి దాటితే జబ్బు అనాలో, రక్తం ఎన్నో గంటలో తీయాలో ఒక్కో అధ్యయనం ఒక్కోలా పెట్టుకుంటుంది. ఈ గంటల గొడవ చిన్నది కాదు. బిడ్డ పుట్టగానే బయటి చలికి, థైరాయిడ్ సరిగా పనిచేయకపోతే పెరిగే హార్మోను అయిన టీఎస్‌హెచ్ ఒక్కసారిగా ఎగిసి, రెండు మూడు రోజుల్లో దిగుతుంది. మొదటి రోజే మడమ గుచ్చి రక్తం తీస్తే ఆరోగ్యంగా ఉన్న పిల్లలూ జబ్బు లెక్కలో పడతారు. 48 నుంచి 72 గంటల మధ్య తీయడం మేలు. అదీ కుదరకపోతే కాన్పు సమయంలోనే బొడ్డుతాడు రక్తం తీసుకోవచ్చు.

వెతకడం మొదలుపెడితే సంఖ్య పెరగడం మన ఒక్కచోటి సంగతి కాదు. కెనడాలోని క్యుబెక్‌లో 1970ల మొదట్లో జీన్ డ్యుసో ఎండిన రక్తపు చుక్కతో థైరాయిడ్ పరీక్ష మొదలుపెట్టాడు. అంతవరకు ఏడు వేల మందికి ఒకరు ఉండొచ్చనుకున్నారు. అందరినీ పరీక్షించేసరికి నాలుగు వేలకు ఒకరు తేలారు. పిల్లలు ముందూ ఉన్నారు, లెక్కలోకి రాలేదంతే.

థైరాయిడ్ మాటెత్తితే ఉత్తరాంధ్ర వాళ్లు చెప్పుకోవలసిన పేరు ఒకటుంది. వులిమిరి రామలింగస్వామి 1921లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివారు. తర్వాత ఐసీఎంఆర్‌కు అధిపతి అయ్యారు. 1956లో, ఇప్పటి హిమాచల్‌లోని కాంగ్రా లోయలో ఆయన బృందం లక్ష మంది ఉన్న ప్రాంతాన్ని మూడు భాగాలుగా విడదీసింది. రెండింటికి అయొడిన్ కలిపిన ఉప్పు, మూడోదానికి మామూలు ఉప్పు సరఫరా చేసింది. కొలమానం బడిపిల్లల మెడ. మొదట్లో మూడు చోట్లా నూటికి 38 మందికి గాయిటర్ వాపు ఉంది. 1962 నాటికి అయొడిన్ ఉప్పు తిన్న రెండు చోట్లా అది 19కి, 15కి పడిపోయింది. మామూలు ఉప్పు తిన్నచోట 40 దగ్గరే నిలబడింది. తర్వాత వాళ్లకూ అయొడిన్ ఉప్పు ఇచ్చారు, అక్కడా సగానికి పైగా తగ్గింది. ఈరోజు ఏ నైతిక సంఘమూ ఒక ప్రాంతాన్ని అన్నేళ్లు మామూలు ఉప్పు మీద ఉంచడానికి తేలిగ్గా ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. అయినా మన వంటింటి ఉప్పు డబ్బాలో అయొడిన్ ఉండటం వెనక ఆ 19, 15, 40 ఉన్నాయి.

అయొడిన్ ఉప్పు తింటున్నాం కదా, మరి పరీక్ష దేనికి అనొచ్చు. పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపంలో ప్రపంచవ్యాప్తంగా నూటికి ఎనభై అయిదు కేసుల్లో గ్రంథే సరిగా ఏర్పడదు. లేని గ్రంథికి ఉప్పు ఎంత పెట్టినా ఉపయోగం లేదు.

ఇంకో జబ్బు ఉంది. దీని అంకె చిన్నది, దెబ్బ పెద్దది. పేరు కంజెనిటల్ అడ్రినల్ హైపర్‌ప్లేసియా. మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు ఒక ఎంజైము లోపం వల్ల కార్టిసాల్ తయారుచేయలేవు, తీవ్రంగా ఉంటే ఒంట్లో ఉప్పును పట్టి ఉంచలేవు. దేశంలో 5,762 మందికి ఒకరు, హైదరాబాద్ అధ్యయనంలో 2,575కి ఒకరు. మన మండలం లెక్కలో మూడేళ్లకో, ఆరేళ్లకో ఒక బిడ్డ. ఆడపిల్లల్లో జననాంగాల తేడా కనబడి డాక్టరు అనుమానిస్తారు. మగపిల్లవాడు చూడ్డానికి బాగానే ఉంటాడు. రెండో వారమో మూడో వారమో వాంతులు మొదలై, నీరసించి, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. ఇంట్లో దిష్టి అంటారు, ఆసుపత్రిలో వాంతులు విరేచనాలు అని రాస్తారు. జబ్బు రావడానికి ఆడా మగా సమాన అవకాశం ఉన్నా, పరీక్షలు లేని చోట ఆసుపత్రి జాబితాల్లో మగపిల్లలు తక్కువగా కనబడతారు. పరిశోధకులు ఆ ఖాళీని చూసే, పేరు తెలియకుండా పోయిన పిల్లల్ని అంచనా కడతారు.

ఇది తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే వచ్చే జబ్బు. కాబట్టి మేనరికం లెక్క ఇక్కడ తప్పదు. బంధుత్వం లేని పెళ్లిళ్లలో 5,762కి ఒకరు అనుకుంటే, మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లయితే ఆ ముప్పు సుమారు వెయ్యికి ఒకటి అవుతుంది. మేనమామనే చేసుకుంటే 560కి ఒకటి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి ఇరవై ఆరు పెళ్లిళ్లు రక్తసంబంధీకుల మధ్య జరిగినవే, దేశం సగటు పదకొండు. వెయ్యిలో 999 మంది ఈ జబ్బు లేకుండానే పుడతారు కాబట్టి, మా ఇంట్లో మూడు తరాలు చేసుకున్నాం, ఏమీ కాలేదు అనే పెద్దలు అబద్ధం చెప్పడం లేదు. వాళ్ల ఇల్లు వెయ్యి కాన్పులంత పెద్దది కాదు.

పరీక్ష చేసే వీలు మన పద్ధతుల్లో కొంత ఇప్పటికే ఉంది. ప్రభుత్వ ఆసుపత్రిలో మామూలు కాన్పు తర్వాత 48 గంటలు ఉండాలంటారు. ఆశా కార్యకర్త మూడో రోజున, ఏడో రోజున ఇంటికి రావాలి. రక్తపు చుక్క ఫిల్టర్ కాగితం మీద ఎండితే పోస్టులో పంపవచ్చు. చిక్కు ఫలితం వచ్చాక మొదలవుతుంది. తొలిచూలు కాన్పు పుట్టింట్లో జరుగుతుంది, రికార్డులో అత్తింటి చిరునామా ఉంటుంది, ఫోన్ నంబరు భర్తది, ఆయన పనికి వేరే ఊళ్లో ఉంటాడు. టీఎస్‌హెచ్ 40 దాటిన బిడ్డకు నిర్ధారణ రక్తం తీసి, దాని ఫలితం కోసం ఆగకుండా మందు మొదలుపెట్టాలంటారు నిపుణులు. ఆ బిడ్డ ఏ ఇంట్లో ఉందో తెలిస్తే కదా! రక్తపు చుక్క పంపే కార్డు మీద పుట్టింటి నంబరు కూడా రాయించడం ప్రయోగశాలలో యంత్రం కొనడం కన్నా ముందు జరగాల్సిన పని అని నా అభిప్రాయం.

యంత్రం సంగతికి వస్తే, ఇప్పటి అనకాపల్లి జిల్లా జనాభా 2011 లెక్కల ప్రకారం 17.27 లక్షలు. అంటే ఏడాదికి 27 వేల జననాలు, అందులో థైరాయిడ్ లోపంతో 24 మంది, అడ్రినల్ లోపంతో నలుగురైదుగురు. రోజుకు వచ్చే నమూనాలు 74. ప్రయోగశాలల్లో వాడే మామూలు ఎలైజా పళ్లేనికి 96 గుంటలుంటాయి. ప్రమాణ నమూనాలకు కొన్ని పోగా, జిల్లా మొత్తానికి ఒక్కో పరీక్షకు రోజుకొక పళ్లెం సరిపోతుంది.