ఊర్మిళ నిద్ర – మనవరాలి ప్రశ్న

వేసవి సెలవులకు మనలిలో మా ఇంటికి వచ్చిన మనవరాలి చేతిలో ఒక లావుపాటి ఇంగ్లీషు నవల కనిపించింది. పేరు ‘సర్సీ’. అమెరికా రచయిత్రి మాడలిన్ మిల్లర్ రాయగా 2018లో వచ్చింది. గ్రీకు పురాణంలో మగవాళ్లను పందులుగా మార్చేసిన మంత్రగత్తె ఇందులో తన కథ తానే చెప్పుకుంటుందట. అంతకు ముందే, 2005లో, మార్గరెట్ ఆట్‌వుడ్ భర్త కోసం ఇరవయ్యేళ్లు ఎదురుచూసిన పెనెలపీ చేత కథ చెప్పించారు.

“అమ్మమ్మా! మనకు ఇలాంటివి లేవా?” అని అడిగింది పిల్ల.

లేకేం! నెల్లూరిలో మా నాయనమ్మ మధ్యాహ్నం పూట బియ్యం ఏరుతూ ఊర్మిళాదేవి నిద్ర పాట పాడేది. లక్ష్మణుడు అడవికి వెళ్తే ఊర్మిళ పద్నాలుగేళ్లు నిద్రపోయింది. తిరిగొచ్చిన భర్తను గుర్తుపట్టక, పరాయి మగవాడనుకొని గట్టిగా మందలించింది! ఆ చోటు రాగానే ఆడవాళ్లంతా ముసిముసిగా నవ్వుకునేవారు. ఇలాంటి పాటల మీద వెల్చేరు నారాయణరావుగారు 1991లో ఇంగ్లీషులో వ్యాసం ప్రచురించారు.

తర్వాత ఓల్గా గారు ‘విముక్త’ కథలు రాశారు. 2015లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చిన పుస్తకమది. అందులో సీత అడవిలో శూర్పణఖను కలుసుకుంటుంది. ముక్కు చెవులు పోగొట్టుకున్న ఆమె అందమైన తోట పెంచుకుంటూ ప్రశాంతంగా ఉంటుంది. ఇక ఊర్మిళ నిద్రే పోదు. తలుపులు మూసుకొని, ఆ పద్నాలుగేళ్లూ మెలకువగా ఆలోచిస్తుంది.

ఉత్సాహంగా ఆ పుస్తకం తీసి పిల్ల చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి, “నాకు తెలుగు చదవడం రాదుగా, అమ్మమ్మా” అంది. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. తప్పు దానిదా, నేర్పని మాదా? 2016లో వచ్చిన ఇంగ్లీషు అనువాదం తెప్పించి ఇచ్చాను. రెండు రోజుల్లో చదివేసింది.

“ఇప్పుడు మీ నాయనమ్మ పాట పాడు” అంది. మొదలుపెట్టాను. రెండు చరణాలు దాటి గుర్తు రాలేదు.

అమ్మలారా, అక్కలారా! మీలో ఎవరికైనా ఆ పాట పూర్తిగా వస్తే, ఈ రోజే పిల్లల చేత ఫోనులో రికార్డు చేయించండి. మా ఇంట్లో ఇప్పుడు రోజూ సాయంత్రం అరగంట అ, ఆ, ఇ, ఈ నడుస్తోంది. వచ్చే సెలవులకు ‘విముక్త’ తెలుగులోనే చదువుతానని పిల్ల మాటిచ్చింది.