ఊళ్లో ఉండి రాయడం: క్రూక్ దంపతుల చైనా

యాత్రా సాహిత్యానికి మన భాషలో కొరత లేదు. 1838లో అచ్చయిన ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర' నుంచి నేటి వరకు వందల పుస్తకాలు వచ్చాయి. అభ్యుదయ రచయితలు సోషలిస్టు దేశాలు చూసి వచ్చి రాసినవీ వాటిలో ఉన్నాయి. అయితే వీటిలో ఎక్కువ భాగం అతిథి రాసినవే. ఆహ్వానం మీద వెళ్లినవాడికి దుబాసీ ఉంటాడు, చూడవలసిన చోట్ల పట్టిక ఉంటుంది, తిరుగు ప్రయాణానికి తేదీ ఉంటుంది. అతడు అబద్ధం రాయకపోవచ్చు. కాని అతనికి కనపడేది వడ్డించిన విస్తరి మాత్రమే. పొయ్యి దగ్గరి సంగతి తెలియదు. పొయ్యి దగ్గర కూర్చుని రాసిన ఒక జంటను పరిచయం చేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఐసబెల్ 1915లో చైనాలోని చెంగ్డూలో పుట్టింది. తల్లిదండ్రులు కెనడా నుంచి వచ్చిన మిషనరీలు. డేవిడ్ క్రూక్ 1910లో లండన్‌లో పుట్టాడు. స్పెయిన్ అంతర్యుద్ధంలో అంతర్జాతీయ దళంలో చేరి, 1937లో జరామా దగ్గర గాయపడ్డాడు. తర్వాత చైనా వెళ్లి కళాశాలలో ఇంగ్లీషు చెప్పాడు. అక్కడే ఇద్దరికీ పరిచయమయింది. 1942లో లండన్‌లో పెళ్లి చేసుకున్నారు. 1947లో మళ్లీ చైనా చేరారు. ఆ తర్వాత వారి ఇల్లు అదే. డేవిడ్ 2000లో, ఐసబెల్ 2023లో తన 107వ ఏట బీజింగులోనే కన్నుమూశారు.

పెళ్లికి ముందే ఐసబెల్ చేసిన ఒక పని గమనించదగ్గది. 1940-41లో చోంగ్‌చింగ్ సమీపంలోని షింగ్‌లాంగ్‌చాంగ్ అనే సంత ఊళ్లో, యూ షీజీ అనే చైనా సహచరితో కలిసి, సుమారు 1,500 ఇళ్లు గడపగడపా తిరిగింది. క్రైస్తవ సంఘాల గ్రామ పునర్నిర్మాణ పథకంలో భాగం అది. ఉద్దేశాలు మంచివే: సహకార సంఘం, వైద్యం, చదువు. కాని ఊరి పెత్తనం ఎవరి చేతిలో ఉందో వారి చేతిలోనే ఉండిపోవడంతో సంస్కరణ నిలబడలేదు. భూమి జోలికి పోని సంస్కరణ ఊరి పెద్దల అరుగు దాటదని ఆ అనుభవం చెబుతుంది. ఆ కాగితాలు డెబ్బై ఏళ్లు ఆగి, 2013లో గాని పుస్తకం కాలేదు.

రెండో ఊరు షిలీడియన్. 'పది మైళ్ల సత్రం' అని దాన్ని ఇంగ్లీషు చేశారు. తైహాంగ్ కొండల ప్రాంతంలో, ఉత్తర చైనాలోని విముక్త ప్రాంతపు పల్లె. 1947 చివరలో దంపతులు అక్కడికి చేరేనాటికి భూసంస్కరణ చాలావరకు జరిగిపోయింది. జరిగినదాంట్లోని తప్పొప్పులను సరిదిద్దడానికి 1948 తొలి నెలల్లో ఒక కార్యకర్తల బృందం ఊళ్లో దిగింది. ఆ దిద్దుబాటును ఏ రోజుకారోజు రాసిపెట్టారు వీరిద్దరూ. ఆ ఊరి విప్లవ చరిత్ర 1959లోనూ, దిద్దుబాటు కథ 1979లోనూ పుస్తకాలుగా వచ్చాయి.

వీటి విలువ వీటి పద్ధతిలో ఉంది. ఎవరికెంత భూమి ఉందన్నది ఒక్కటే కాదు, ఎవరి రెక్కల మీద ఎవరు బతుకుతున్నారన్నది వర్గ నిర్ణయానికి గీటురాయి. చెప్పడానికి ఇది సులువే. మా దాచేపల్లి పొలాల్లోకి తెచ్చి చూడండి. ఒక రైతుకు సొంతం రెండెకరాలు, కౌలుకు మరో నాలుగు. పత్తి, మిరప వేస్తాడు. తానూ భార్యా తెల్లవారకముందే చేలో ఉంటారు. మిరపకాయ కోతలకు మాత్రం పదిమంది కూలీలను పెట్టక తప్పదు. కౌలు కట్టేటప్పుడు అతడు దోపిడీకి గురయ్యేవాడు; కూలి ఇచ్చేటప్పుడు యజమాని. ఇతణ్ణి ఏ గాటన కట్టాలి? షిలీడియన్‌లో సరిగ్గా ఇలాంటి మనుషుల దగ్గరే తప్పులు జరిగాయి. మధ్యతరగతి రైతులను పై వర్గాల్లో కలిపి నష్టపరిచారు. పంచిపెట్టే చోట ఉన్న కొందరు కార్యకర్తలు ఎక్కువ వాటా దక్కించుకున్నారు. తర్వాత వారే జనం ముందు నిలబడి జవాబు చెప్పవలసి వచ్చింది. క్రూక్ దంపతులు ఇదేదీ దాచలేదు. విప్లవం పక్షాన నిలబడి రాశారు గనుకనే దాని తప్పులను లెక్కతో సహా రాశారు.

1948లో ఊరు విడిచి వెళ్లిపోవలసిన ఆ ఇద్దరినీ కొత్త పని ఆపింది. రానున్న ప్రభుత్వానికి విదేశాలతో మాట్లాడగలవాళ్లు కావాలి. నాన్‌హైషాన్ అనే పల్లెలో మొదలైన విదేశీ భాషల బడిలో ఇద్దరూ ఇంగ్లీషు ఉపాధ్యాయులయ్యారు. 1949లో ఆ బడి బీజింగు చేరింది. నేటి బీజింగ్ విదేశీ అధ్యయనాల విశ్వవిద్యాలయం దాని కొనసాగింపే. చైనా దౌత్యవేత్తల్లో తరాలకు తరాలు వీరి శిష్యులు. మన దగ్గర ఇంగ్లీషు ఊరు విడిచిపోవడానికి నిచ్చెన. పిల్లవాడు ఒక్కో మెట్టూ ఎక్కేకొద్దీ ఊరికి దూరమవుతాడు. పల్లెలో పుట్టిన ఆ బడి ఇంగ్లీషును దేశం పనికి పనిముట్టుగా నేర్పింది. ఒకే భాష ఒక చోట అంతస్తు, మరొక చోట పనిముట్టు కావడం భాషలోని గుణం కాదు, దాన్ని వాడుకునే సమాజపు గుణం. ఇంకొక సంగతి. పాఠం చెప్పేవాడికి విద్యార్థి ఇంటి కష్టం తెలుస్తుంది, అతిథికి తెలియదు. విలియం హింటన్ కూడా ఆ రోజుల్లో విముక్త ప్రాంతంలో ఇంగ్లీషు చెబుతూనే మరో పల్లెను దగ్గరగా చూసి 'ఫాన్‌షెన్' (1966) రాశాడు.

ఇప్పుడు మన గడ్డకు వద్దాం. దాచేపల్లి దాటి ఉత్తరానికి పోతే కృష్ణ. అవతలి ఒడ్డున వాడపల్లి, ఆపైన మిర్యాలగూడ. షిలీడియన్‌లో లెక్కలు సరిచూస్తున్న 1948లోనే ఆ ఒడ్డున తెలంగాణ రైతాంగం భూమి పంచుకుంటున్నది. 1946-51 మధ్య సుమారు 3,000 గ్రామాల్లో 10 లక్షల ఎకరాలు పంచినట్టు పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. ఇవతలి ఒడ్డు నుంచి మన రచయితలు వెంటనే స్పందించారు. సుంకర, వాసిరెడ్డిల 'మా భూమి' నాటకం, బొల్లిముంత శివరామకృష్ణ 'మృత్యుంజయులు' నవల 1947 నాటివే. జనాన్ని కదిలించడంలో వాటికి సాటి లేదు. కాని ఒక ఊరిని పట్టుకుని, ఎవరికి ఎంత చెక్క వచ్చింది, ఎవరికి రాలేదు, ఎందుకు రాలేదు అని అడగడం వాటి పని కాదు. నిర్బంధంలో, పోలీసు దాడుల నడుమ, ఏ రోజుకారోజు రాసి దాచుకునే వీలూ లేదు. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, అప్పటి మహిళల నోట మనం వినని సంగతులు ఎన్నో వచ్చాయి. పోరాటం గొప్పదని వారు చెప్పారు, పోరాటంలో తమకు జరిగిన అన్యాయాన్నీ చెప్పారు. అయితే నలభై ఏళ్ల తర్వాతి జ్ఞాపకం అది.

క్రూక్ దంపతులను విగ్రహాలు చేసి నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. స్పెయిన్‌లో ఉండగా డేవిడ్ సోవియట్ గూఢచారి వర్గాల కోసం తోటి వామపక్షీయుల మీద, జార్జ్ ఆర్వెల్ మీద కూడా నిఘా వేశాడు. ఈ సంగతి అతని ఆత్మకథలోనే ఉంది. ఇతరులను అనుమానించిన ఆ మనిషినే సాంస్కృతిక విప్లవ కాలంలో గూఢచారి అన్నారు. 1967 నుంచి 1973 దాకా జైలులో పెట్టారు. ఐసబెల్‌ను విద్యాలయ ఆవరణలోనే నిర్బంధించారు. 1973లో చౌ ఎన్‌లై విదేశీ నిపుణులకు క్షమాపణ చెప్పాడు. దంపతులు దేశం విడవలేదు, పాఠాలు మానలేదు. అలాగని మౌనంగానూ లేరు: 1989లో తియానన్మెన్ విద్యార్థుల పక్షాన నిలబడ్డారు. 2019లో అదే రాజ్యం ఐసబెల్‌కు మైత్రీ పతకం ఇచ్చింది. జైలు చూసి ఒకరు, పతకం చూసి ఒకరు వీరిని తమవైపు లాక్కోవచ్చు. రెండూ పొరపాటే. వారి సాక్ష్యానికి బలం రాజ్యం ఇచ్చిన శిక్షలోనూ లేదు, సత్కారంలోనూ లేదు. ఊళ్లో రాసుకున్న నోటు పుస్తకాల్లో ఉంది.

నిబద్ధత అంటే మన పక్షం తప్పులు కప్పిపుచ్చడమని కొందరు, నిబద్ధత ఉంటే నిజం రాయలేమని మరికొందరు అంటూ వస్తున్నారు. పది మైళ్ల సత్రం ఈ రెండు వాదాలకూ జవాబు. పక్షం వహించడం ఎవరి కోసం రాయాలో నిర్ణయిస్తుంది. ఏది జరిగిందో మాత్రం ఊరే చెప్పాలి. ఆ మాట వినడానికి మన రచయితలు ఊళ్లో ఉండాలి. కౌలు ఎంత, కూలి ఎంత, అప్పు ఎవరి దగ్గర, మిరప ధర పడిపోయిన ఏడు ఎవరు ఏది అమ్ముకున్నారు అని రాసిపెట్టుకోవాలి. తెలంగాణ నాడు నిర్బంధం మన చేతులు కట్టేసింది. నేడు పత్తి చేల మధ్య కూర్చుని రాయడానికి ఆ అడ్డు లేదు. రాయకపోతే ఆ లోటు మనదే అవుతుంది.