చిక్కుడు సీసాకు విజిళ్ల లెక్క చాలదు

సూరత్ జిల్లా పల్సానా, కడోదరా చుట్టుపక్కల డైయింగ్ మిల్లులు ఎక్కువ. పాలిస్టర్ గుడ్డకు రంగు బాగా పట్టాలంటే నీళ్లు దాదాపు 130 డిగ్రీలకు చేరాలి. మూత లేని పాత్రలో అవి 100 దగ్గరే మరిగిపోతాయి. అందుకే గట్టిగా బిగించిన యంత్రంలో ఒత్తిడి పెంచుతారు. మన వంటింటి కుక్కర్‌లో జరిగేదీ అదే. ఒత్తిడి తనంతట తాను దేన్నీ ఉడికించదు, వేడిని వంద దాటనిస్తుంది, అంతే.

చలికాలంలో సూరతీ పాప్డీ చిక్కుడు దిగినప్పుడు సీసాల్లో నిల్వ పెట్టుకుందామనిపిస్తుంది. ఆవకాయను కాపాడేది పులుపూ ఉప్పూ. చిక్కుడులో ఆ పులుపు లేదు. పులుపు తక్కువై పీహెచ్ 4.6 కన్నా ఎక్కువున్న ఏ కూరగాయనైనా గాలి చొరని సీసాలో పెడితే, మరిగే నీళ్లకు చావని బోట్యులినం బీజాలు అందులో మొలకెత్తి నరాలను చచ్చుబరిచే విషాన్ని తయారుచేయగలవు. వాసనలోనో రుచిలోనో అది తెలియకపోవచ్చు. ఆ బీజాలను చంపాలంటే 116 నుంచి 121 డిగ్రీల వేడి, తగినంతసేపు కావాలి. సీసాలను ఒత్తిడిలో వేడిచేసే పెద్ద పాత్ర, ప్రెషర్ క్యానర్, ఉన్నది అందుకే.

దాన్ని వాడేటప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన పనినే చాలామంది వదిలేస్తారని నా అభిప్రాయం. మూత బిగించాక, వెయిట్ పెట్టకముందు, ఆవిరిని పది నిమిషాలు ధారగా బయటికి పోనివ్వాలి. లోపల గాలి మిగిలితే ఒత్తిడి సరిగానే కనిపిస్తుంది కానీ వేడి తగ్గుతుంది. వెయిట్ కదలడం మొదలయ్యాకే సమయం లెక్కపెట్టాలి. మధ్యలో ఒత్తిడి పడిపోతే మళ్లీ మొదటినుంచి లెక్కించాలి. సముద్రమట్టానికి దగ్గరున్న పల్సానాలో 10 పౌండ్ల వెయిట్ సరిపోతుంది. 500 మీటర్లు దాటిన హైదరాబాద్‌లో 15 పౌండ్లది కావాలి, ఎత్తు పెరిగేకొద్దీ గాలి పీడనం తగ్గుతుంది కాబట్టి. పొయ్యి ఆపాక దానంతట అదే చల్లారాలి. కుళాయి కింద పెడితే సీసాలు పగలొచ్చు, లోపలి రసం పొంగిపోవచ్చు.

మామూలు కుక్కర్ ఈ పనికి వద్దు. చిన్నది కావడంతో త్వరగా వేడెక్కి త్వరగా చల్లారుతుంది. పరీక్షించి నిర్ణయించిన సమయాలు దానికి వర్తించవు.

మిల్లు బాయిలర్‌ను తనిఖీ చేయడానికి చట్టం ఉంది, 1923 నుంచీ. ఇంటి పాత్రను చూసుకోవలసింది మనమే. వాడే ప్రతిసారీ ఆవిరి గొట్టాన్ని వెలుతురుకు పెట్టి, అవతలి వైపు కనిపిస్తోందో లేదో చూడాలి. గాస్కెట్ గట్టిపడినా, పగుళ్లు వచ్చినా మార్చాలి. ముల్లు గేజ్ ఉంటే ఏడాదికోసారి పరీక్ష చేయించాలి.

క్యానర్ లేనివాళ్లు పాప్డీని మరిగే నీళ్లలో రెండుమూడు నిమిషాలు ఉంచి, చల్లార్చి, ఆరబెట్టి ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు.