అంబాసిడర్ మొరాయిస్తే తప్పు కార్బురేటర్‌దేనా?

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. అయినా పాత పెట్రోలు బండిని కొట్టంలో భద్రంగా ఉంచుకుని, పెళ్లిళ్లకూ పేరంటాలకూ బయటికి తీసేవారు ఇంకా ఉన్నారు. అది దారిలో మొరాయిస్తే ముందు నింద పడేది కార్బురేటర్ మీదే. తొందరపడి కొత్తది బిగించాక కూడా రోగం కుదరకపోతే డబ్బూ పోతుంది, కారుతో వచ్చిన అసలు సామానూ పోతుంది.

పెట్రోలును గాలిలో కలిపి ఇంజనుకు అందించడమే కార్బురేటర్ పని. 1489 సి.సి. ఇంజనున్న పాత అంబాసిడర్లకు ఎస్.యు. రకం వచ్చేది. తర్వాతి బండ్లలో సోలెక్స్ కూడా కనిపిస్తుంది.

ఎస్.యు.లో ప్రధానమైన జెట్ ఒక్కటే. ఇంజను గాలి పీల్చేకొద్దీ పిస్టన్, దానితో సూది లేచి పెట్రోలు దారి పెద్దదవుతుంది. పిస్టన్ పైగొట్టంలో నూనె అయిపోతే యాక్సిలరేటర్ తొక్కగానే బండి తడబడుతుంది. పలుచని ఇంజన్ ఆయిల్ కొద్దిగా పోస్తే చాలు. ఇంజను ఆపి, ఎయిర్ ఫిల్టర్ తీసి, పిస్టన్‌ను వేలితో ఎత్తి వదలాలి. 'టక్'మని పడితే బాగున్నట్టే. మధ్యలో పట్టేస్తే శుభ్రం చేయించాలి.

సోలెక్స్‌లో నెమ్మదికి ఒక జెట్, వేగానికి మరొకటి ఉంటాయి. సన్నని రంధ్రంలో నలుసు పడితే బండి నిలకడగా ఆడదు. దాన్ని గాలితో ఊదాలేగాని తీగతో పొడవరాదు. రంధ్రం పెద్దదైతే బండి పెట్రోలు తాగేస్తుంది.

రెండింటికీ ఉన్న జబ్బు స్పిండిల్ అరుగుదల. అటూ ఇటూ ఊగుతుంటే అక్కడినుంచి గాలి లోపలికి పోతుంది. బుష్ వేయిస్తే కుదురుతుంది.

ఎండాకాలంలో వేడెక్కి ఆగిన బండికి పెట్రోలు పంపుపై తడిగుడ్డ వేస్తే కాసేపటికి కదిలితే, తప్పు కార్బురేటర్‌ది కాదు. పైపులో పెట్రోలు ఆవిరైందన్నమాట. టాంకులో తుప్పు, నీరు ఉన్నా అంతే. 2025 నాటికి పెట్రోలులో ఎథనాల్ పాలు 20 శాతానికి చేరింది. అది నీటిని పీలుస్తుంది, పాత రబ్బరును దెబ్బతీస్తుంది. నెలల తరబడి నిలిపిన బండికి పైపులు, ఫిల్టరు ముందు చూడాలి. ఈ పనులప్పుడు దగ్గర్లో బీడీ, దీపం ఉండరాదు.

ఒళ్లే పగిలినా, బుష్‌కు లొంగనంతగా అరిగినా మార్చక తప్పదు. అప్పుడూ ఆ ఇంజనుకు తగినదే తేవాలి. పద్మినిదీ సోలెక్సే కదా అని తగిలిస్తే కుదరదు. దాని ఇంజను 1089 సి.సి.; జెట్ల కొలతలు వేరు. మార్చినా పాతదాన్ని తుక్కుకు వేయకుండా దాచుకోవడం మేలు.