'లీప్ ఇయర్': మనం నవ్వితే వాళ్ళకెందుకు కోపం?

ఈ వారం 'లీప్ ఇయర్' అనే సినిమా గురించి నాలుగు మాటలు. ఫిబ్రవరి 29 చుట్టూ తిరిగే ఈ కథ విడుదలైంది 2010లో. ఆ ఏడు ఫిబ్రవరికి 28 రోజులే!

ఫిబ్రవరి 29న ఆడపిల్లే పెళ్ళి మాట ఎత్తవచ్చన్నది ఇక్కడి పాత ఆనవాయితీ. సెయింట్ పాట్రిక్‌ని అడిగి సెయింట్ బ్రిజిడ్ ఇది సాధించిందని చెప్పుకుంటారు. ఆవిడ మఠం ఉన్నది మన కిల్డేర్ కౌంటీలోనే లెండి. అది నమ్మి, డబ్లిన్‌లో ఉన్న డాక్టరు ప్రియుణ్ణి అడగడానికి బోస్టన్ అమ్మాయి అన్నా బయల్దేరుతుంది. తుఫాను దెబ్బకి విమానం వేల్స్‌లో దిగుతుంది, పడవేమో డింగిల్ చేరుస్తుంది. అక్కడ పబ్బు నడిపే డెక్లన్ 500 యూరోలిస్తే డబ్లిన్‌లో దింపుతానంటాడు. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. దారిలో ఆవులు అడ్డం, కారు నీళ్ళపాలు, రైలు తప్పిపోవడం. చివరికేమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. 1934 నాటి 'ఇట్ హాపెండ్ వన్ నైట్' నుంచీ ఇదే వంటకం. మన 'క్షణ క్షణం'లో వెంకటేష్, శ్రీదేవి అడవిలో కీచులాడుకున్నదీ ఈ బాణీలోనే.

అమెరికాలో రోజర్ ఈబర్ట్ మూడు నక్షత్రాలిచ్చాడు. మిగతావాళ్ళు చాలామంది పెదవి విరిచారు. ఇక్కడి ఐరిష్ టైమ్స్ విమర్శకుడైతే ఒక్క నక్షత్రంతో సరిపెట్టాడు. కథానాయకుడు మాథ్యూ గూడ్, వారాంతాల్లో ఇంటికి వెళ్ళి రావచ్చని ఒప్పుకున్నానని పత్రికవాళ్ళతో అనేశాడు! జనం మాత్రం చూశారు, పెట్టుబడికి మించే వసూలైంది.

మన ఇళ్ళలో ఇది సరదాగా నడిచిపోతుంది. నాతో పనిచేసే కెర్రీ ఆయన దగ్గర ఎత్తానో లేదో, మొహం మాడ్చుకున్నాడు. డింగిల్ నుంచి డబ్లిన్ నాలుగైదు గంటల దారి, సినిమాలో రోజులు పడుతుంది. అది క్షమించవచ్చు. ఊరంతా శకునాలు చూసే ముసలాళ్ళూ, బురదా, ఆవులూ తప్ప ఏమీ లేనట్టు చూపించడమే ఆయన బాధ. ఇంటెల్ మన లీక్స్‌లిప్‌కి వచ్చింది 1989లో కదా మరి!

ఆ బాధ మనకి తెలియనిది కాదు. 2013లో 'చెన్నై ఎక్స్‌ప్రెస్' వచ్చినప్పుడు, దక్షిణాది మనుషులంటే కత్తులు పట్టుకున్న మీసాలేనా అని మనమే విసుక్కున్నాం. అయినా డబ్బులు కురిశాయి. మన తెలుగు సినిమా ఏం తక్కువ తిన్నది? ఏళ్ళ తరబడి తెలంగాణ యాసని రౌడీకో, నవ్వించే నౌకరుకో అంటగట్టింది. హైదరాబాదు మిత్రులు నవ్వకుండా కూర్చుంటే, "సరదాకేగా" అన్నవాళ్ళం మనలోనే ఉన్నాం.

అయినా ఏమీ ఆడమ్స్ చిరాకు పడే తీరు నాకు భలే ఇష్టం, దాచను. పిల్లలకి చూపించండి. అందులో పేరు మార్చి చూపించిన కోట నిజానికి లీష్ కౌంటీలోని డునమేస్ కోట. మనకి గంట ప్రయాణం, టిక్కెట్టు లేదు. గాలి ఎక్కువ, స్వెట్టర్లు మరిచిపోకండి.