సింగిల్ ఫేజా, త్రీ ఫేజా? బోరు మోటారుకు ఏది మేలు

గుంతకల్లులో మా చీనీ తోట బోరుకు 5 హెచ్‌పీ త్రీ ఫేజ్ మోటారు ఉంది. పోయిన ఎండాకాలం ఒక ఫేజ్ పోతే, కండెన్సర్ పెట్టి రెండు ఫేజుల మీదే నడిపాను. తెల్లారేసరికి వైండింగ్ కాలిపోయింది. నీళ్లు లేక చెట్లు వాడిపోయాయి.

సింగిల్ ఫేజ్ అంటే 230 వోల్టులు. మోటారు తిరగడం మొదలవ్వాలంటే కెపాసిటర్ కావాలి. త్రీ ఫేజ్ అంటే 415 వోల్టులు. కెపాసిటర్ లేకుండానే తిరుగుతుంది. అంతే హెచ్‌పీకి ఒక్కో వైరులో ఆంపియర్లు తక్కువ, వేడి తక్కువ, వృథా తక్కువ. ఇంటి ట్యాంకుకు సింగిల్ ఫేజ్ చాలు, లోతు బోరుకు త్రీ ఫేజే మేలు.

కానీ ఒక ఫేజ్ పోతే భారమంతా మిగతా రెండింటి మీదే పడుతుంది. మన సేద్యానికి కరెంటు ఉచితమే గానీ రీవైండింగ్ ఉచితం కాదు కదా! స్టార్టరులో సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ పెట్టించండి. ఫేజ్ పోగానే మోటారును ఆపేస్తుంది. అది ఎలా పనిచేస్తుందో పై వీడియోలో చూపించాను, చూడండి.