ఆటల కంప్యూటరు - అంగముల యెంపిక

ఎద్దును కొనబోవు రైతు పండ్లు లెక్కించును. మూపు తడవి చూచును. నాలుగడుగులు నడిపించి గాని బేరమునకు దిగడు. అట్టి రైతే తన కుమారునకు ఆటల కంప్యూటరు కొనునప్పుడు అంగడివాడు వ్రాసియిచ్చిన చీటీని మడిచి జేబులో నుంచుకొని, సొమ్ము లెక్కించి యిచ్చి వచ్చుచున్నాడు. కంప్యూటరులో ఆటలాడుట మంచిదా చెడ్డదా యను వాదమునకు మేమిచ్చట దిగబోము. పిల్లవాడు కోరినాడు, తండ్రి సమ్మతించినాడు. ఇక నా సొమ్ము తగిన వస్తువునకు వ్యయమగుచున్నదా లేదా యనునదియే మా ప్రశ్న.

ఈ ప్రశ్న మాకు పుస్తకములవలన గలిగినది కాదు. 2023వ సంవత్సరపు వేసవికి ముందు మా బావగారు మిరపపంట సొమ్ములో కొంత తీసి, జిల్లా కేంద్రములోని యొక యంగడిలో మా మేనల్లునికి ఇట్టి యంత్రమును కొనియిచ్చిరి. అద్దపు పెట్టె, ఏడు రంగుల దీపములు, తిరుగు పంకాలు, చూచినవారెల్ల మెచ్చుకొనిరి. చీటీలో ప్రాసెసరునకే సగము సొమ్ము పోయినది. బొమ్మను చిత్రించు గ్రాఫిక్సు కార్డు మాత్రము నాసిరకపుది. విద్యుత్తు నందించు పెట్టె, అనగా అంగళ్లలో ఎస్.ఎం.పి.ఎస్. అని పిలువబడు వస్తువు, ఏ కంపెనీదో చీటీలో లేనేలేదు. మే నెలలో నొక సాయంకాలము కరెంటు పోయి వచ్చినది. ఆ పెట్టెలో టప్పున చప్పుడై, కాలిన వాసన వచ్చినది. దానితోపాటు మదర్ బోర్డును, గ్రాఫిక్సు కార్డును పోయినవి. "కరెంటు దోషమండీ, మా సరుకు దోషం కాదు" అని అంగడివాడు చేతులు దులుపుకొనెను. ఇచ్చినది తెల్లకాగితపు చీటీయే గాని బిల్లు కాదు గనుక వారంటీ మాట యెత్తుటకైనను తావు లేకపోయెను. పైన పటారము, లోన లొటారము అను సామెత మా బావగారికి ఆనాడు సంపూర్ణముగా బోధపడినది.

మఱుసటి సంవత్సరము పిల్లవాడు మరల కోరగా, మేమును వానితో గూర్చుండి ఒక్కొక్క అంగమును విచారించితిమి. అప్పుడు తెలిసిన సంగతులను పాఠకమహాశయుల యెదుట నుంచుచున్నాము.

మొట్టమొదట నిర్ణయింపవలసినది ప్రాసెసరు కాదు, తెర. తెరపై బొమ్మ చిన్న చిన్న చుక్కలతో నేర్పడును. 1920 అడ్డము, 1080 నిలువు గల సామాన్యపు తెరలో 20,73,600 చుక్కలుండును. 4కె అనబడు తెరలో 82,94,400. సరిగా నాలుగు రెట్లు. ఆడునప్పుడు యంత్రము ఈ చుక్కలన్నిటిని సెకనుకు 60 మార్లు చిత్రింపవలెనన్నచో ఒక్కొక్క బొమ్మకు మిల్లీసెకన్లు 16 పైచిలుకు మాత్రమే దొరకును. 144 మార్లన్నచో 7 మిల్లీసెకన్లైనను దొరకవు. కాబట్టి తెర యెంత పెద్దదో, యెంత వేగముగలదో తేలిన పిమ్మటనే తక్కినవానికి లెక్క కుదురును. మా మేనల్లుని మొదటి యంత్రమునకు 144 వేగముగల తెర నంటగట్టిరి. కార్డు అందులో సగమైనను చిత్రింపజాలకుండెను!

బొమ్మను చిత్రించునది గ్రాఫిక్సు కార్డు. ఆటలోని మనుష్యులెచ్చట నున్నారు, బంతి యెటు పోయినది, తరువాత నేమి జరుగవలెను అను లెక్కలు గట్టి కార్డునకు పని చెప్పునది ప్రాసెసరు. ఇవి జోడెడ్లవంటివి. ఒకటి బలిసి, రెండవది బక్కచిక్కినచో బండి బక్కదాని నడకనే నడచును. అయితే ఆటల యంత్రమున బరువు కార్డు వైపుననే హెచ్చుగా పడును గనుక సొమ్ములో పెద్ద పాలు దానికే చెందవలెను. లెక్కలు గట్టుటయే యెక్కువగాగల వ్యూహపుటాటలకును, సెకనుకు రెండుమూడు వందల బొమ్మలు కోరు పోటీయాటలకును ప్రాసెసరు మాట ముందు చూడవలెను. పిల్లవాడు ఏ యాటలాడునో అడుగక చీటీ వ్రాయుట, రోగిని చూడక మందిచ్చుట వంటిది.

మిగిలియున్న పాత తెర 1080 రకముదే గనుక మేము ఆర్.టి.ఎక్స్. 4060 కార్డును, రైజెన్ 5 7600 ప్రాసెసరును ఎంచుకొంటిమి. ఆ కార్డులోని స్వంత మెమరీ 8 జీబీలు. ఈ తెరకు చాలావఱకు చాలును. ఐనను కొన్ని క్రొత్త యాటలలో చిత్రపు నాణ్యతను మిక్కిలి పెంచినచో చాలదని యెఱిగియే కొంటిమి. పిండి కొద్ది రొట్టె.

ర్యాము ఒకే పలకగా గాక రెండు సమానమైన పలకలుగా కొనవలెను; రెండు దారుల వెంట రాకపోకలు సాగును. డి.డి.ఆర్.4 పలక డి.డి.ఆర్.5 బోర్డులో దూరదు. పెట్టెపై నెంత వేగము ముద్రించియున్నను బయాస్‌లో ఆ యమరికను మనము చేసికొననిచో పలక తక్కువ వేగముననే పనిచేయును. ఇది తెలియక సంవత్సరముల తరబడి నష్టపోవువారు కలరు. దాచుకొనుటకు ఎన్.వి.ఎం.ఇ. రకపు ఎస్.ఎస్.డి. యుండిన చాలును.

మదర్ బోర్డు కొనునప్పుడు నేటిని గాక రేపటిని చూడవలెను. ఎ.ఎం.డి. కంపెనీ ఎ.ఎం.4 అను సాకెట్టునకు 2017లో మొదటి రైజెన్ ప్రాసెసర్లను విడుదల చేసినది. 2022లో వచ్చిన 5800ఎక్స్3డి కూడ అదే సాకెట్టులో నమరినది. నాటి బోర్డు కొన్నవారిలో ననేకులు బయాస్ మార్చుకొని, ప్రాసెసరు మాత్రము కొని, అయిదేండ్ల పిమ్మట యంత్రమును క్రొత్తదానిగా జేసికొనిరి. ఇంటెల్ వారి 1700 సాకెట్టు 2021లో వచ్చి మూడు తరములకు మాత్రము సరిపోయినది. మేము 2022లో వెలువడిన ఎ.ఎం.5 వైపు మొగ్గుటకు ఇదియే కారణము.

ఇక ఎస్.ఎం.పి.ఎస్. మాట. దీనివలన బొమ్మ ఒక్కటియు హెచ్చుగా రాదు; కావుననే అంగడివాడు దీనిపై సొమ్ము మిగుల్చుకొనును. గోడనుండి వచ్చు 230 వోల్టుల విద్యుత్తును 12 వోల్టులకును అంతకు తక్కువకును దించి యందఱకును పంచునది యిదియే. లెక్క సులభము. మా కార్డునకు 115 వాట్లు, ప్రాసెసరునకు హెచ్చుగా 88, తక్కినవానికి ఏబది, మొత్తము సుమారు 250. క్షణకాలపు పోట్లకును రేపటి కార్డునకును ఎడముంచి 550 వాట్ల మంచి పెట్టె కొంటిమి. పేరులేని 750 వాట్ల పెట్టెకంటె నిదియే మేలు. 80 ప్లస్ అను ముద్రనుగూర్చి యొక భ్రమ కలదు. లాగుకొన్న విద్యుత్తులో నెంత పనికి వచ్చును, ఎంత వేడియై పోవును అనునదే ఆ ముద్ర చెప్పును. పోటు వచ్చినప్పుడు తక్కిన యంగములను కాపాడునా యనునది చెప్పదు. వోల్టేజి పెరిగినప్పుడును, షార్టు సర్క్యూటైనప్పుడును తనంతట తాను ఆగిపోవు రక్షణలున్నవో లేవో వేఱుగా విచారింపవలెను. కరెంటు నిలుకడలేని పల్లెలలో మంచి ఎర్తింగును, యూ.పి.ఎస్.ను గూడ కావలెను.

పెట్టెకు గాలి వచ్చు దారి, పోవు దారి యుండవలెను. ముందువైపు అద్దముతో మూసినచో మన యెండలలో అది పొయ్యియగును. కార్డు పొడవెంతయో కొలిచి మఱి కొనవలెను.

ధరలు గూడ కాలమునుబట్టి యుండును. 2021లో క్రిప్టోనాణెముల త్రవ్వకమువలన కార్డులు దొరకక వెలలు మిన్నంటినవి; 2022 సెప్టెంబరు 15న ఈథీరియము ఆ పద్ధతి మానగా, రాత్రింబవళ్లు శ్రమించిన పాత కార్డులు బజారున పడినవి. 2025 చివరను కృత్రిమమేధ కేంద్రముల గిరాకివలన ర్యాము ధర విపరీతముగా పెరిగినది. అవసరము లేని వేళ పరుగెత్తి కొనుటయు, చౌకయని చరిత్ర తెలియని పాత కార్డును కొనుటయు రెండును నష్టములే.

ఈ విచారణలో మఱియొక సంగతి మా మనస్సున నాటినది. ఎన్‌విడియా, ఎ.ఎం.డి. కంపెనీలకు హైదరాబాదులో ఇంజనీర్ల కేంద్రములున్నవి. అచ్చట మన తెలుగు యువకులనేకులు పనిచేయుచున్నారు. మేము కొన్న కార్డులోని చిప్పు తైవానులో తయారైనది. అది సముద్రములు దాటి సికిందరాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులో 18 శాతము పన్నుతో మన చేతికి వచ్చినది. చేయుటకు తెలివిగలవారు మనలో నుండగా, కొనుటకు మాత్రమైనను తెలివి మనకు వలదా?

అచ్చటనే మేము నాలుగంగళ్లు తిరిగి, సీలు విప్పని పెట్టెలను, సీరియలు నంబర్లు వ్రాసిన బిల్లులను తీసికొని వచ్చితిమి. పిల్లవాడే స్వహస్తములతో అన్నిటిని బిగించెను. తెర తీగను మదర్ బోర్డునకు తగిలించి, గ్రాఫిక్సు కార్డు పనిచేయుట లేదని గంటసేపు దుఃఖించి, తుదకు తన తప్పు తానే కనుగొని నవ్వెను. ఖర్చు మొదటి యంత్రమునకంటె హెచ్చు కాలేదు. రెండు వేసవులు గడచినవి, కరెంటు ఎన్నిమార్లు పోయి వచ్చినదో లెక్కలేదు, యంత్రము చెక్కుచెదరలేదు. మొన్న మా బావగారు ప్రక్కింటివారికి చెప్పుచుండగా వింటిమి: "దీపాలు తరువాత చూద్దురు గాని, ముందు ఎస్.ఎం.పి.ఎస్. ఏ కంపెనీదో అడగండి."

తండ్రులకు మా మనవి యింతియే. చీటీలోని ప్రతి పంక్తికిని "ఇది యేల?" అని యడుగుడు. ఉత్తరము చెప్పలేని యంగడిలో సొమ్ము తీయకుడు. ఆ ప్రశ్న అడుగుట పిల్లవానికి గూడ నేర్పినచో, ఆటల కొఱకు కొన్న యంత్రము వానికి మొదటి పాఠమును ముందే చెప్పినట్లగును.